మీసాల చేపలకి ఉరుము

నేను ఇంతకుముందు ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో బడి మానేశాక నా చేతికి పెన్ను తగిలిందే తక్కువ. ఇప్పుడు కూడా "నేను" అని మొదలుపెడితే సిగ్గుతో చెయ్యి ముందుకి పోవడం లేదు. అందుకని ఈ కథలో సెలూన్‌లో తువ్వాళ్లు ఉతికే చెల్లెల్ని "ఆవిడ" అనే అంటాను. ఆవిడెవరో మీకు తెలిసిపోయినా తెలియనట్టే ఉండండి.

ఆవిడ అన్నకి ఒక సెలూన్ ఉంది. ఒకటే గది. గోడ పొడుగునా అద్దం, అద్దం ముందు ఒక కుర్చీ, వచ్చినవాళ్లు కూర్చోడానికి ఒక బల్ల, అద్దం పక్కన చేపల తొట్టి. వెనక చిన్న తలుపు, ఆ తలుపు అవతల కుళాయి, తువ్వాళ్లు ఉతికే చోటు. వీధివైపు పైకి చుట్టుకునే ఇనప షట్టరు. ఆ షట్టరు అన్న ఎత్తితే వీధి చివరిదాకా తెలుస్తుంది. ఆవిడ ఎత్తితే పక్క గోడకి కూడా తెలియదు. రోజూ పొద్దున్నే ముందొచ్చేది ఆవిడే. రెండు చేతులా పట్టుకుని, బెత్తెడు బెత్తెడు చొప్పున, నిద్రపోతున్న పసిపిల్ల మీంచి దుప్పటి తీసినట్టు ఎత్తేది. చప్పుడైతే నలుగురూ తిరిగి చూస్తారని భయం.

కుర్చీ ఒకటే అన్నాను కదా, ఒకప్పుడు రెండుండేవి. అన్నకి కోతలు కోసే అలవాటు. చేతిలో కత్తెర ఎంత ఆడుతుందో నోరు అంతకి రెండింతలు ఆడుతుంది. అది ఎవరికీ నష్టం కాదు. నష్టమల్లా ఏంటంటే, మాట మీద నిలబడతాడు. గొప్పలు చెప్పే ఊపులో ఎవరైనా "పందెమా" అంటే "పందెమే" అని చెయ్యి కలిపేస్తాడు, ఓడిపోతే కిమ్మనకుండా ఇచ్చేస్తాడు. పక్క గోడకి ఆనుకుని తాళాలు బాగుచేసే ఆయన ఒకడున్నాడు. ఏ తాళమైనా సరే దువ్వెన పళ్లతో తీసేస్తానని వెళ్లి వెళ్లి ఆయనతోనే పందెం వేశాడు. దువ్వెనకున్న పళ్లన్నీ ఊడాయి గానీ తాళం ఊడలేదు. అప్పట్నుంచీ తాళాలాయన మా రెండో కుర్చీలో, మెడ వెనక్కి వాల్చుకుని, కాళ్లు చాపుకుని తాళంచెవులు అరగదీస్తుంటాడు. వీధిలో పోయేవాళ్లు ఆయన గడ్డం చేయించుకోడానికి ఎదురుచూస్తున్నాడనుకుంటారు.

ఇక తొట్టి సంగతి. అందులో ఉన్నవి మీసాల చేపలు. అమ్మేవాళ్లు క్యాట్‌ఫిష్ అంటారు. బొటనవేలంత ఉంటాయి, మూతి చుట్టూ మీసాలు, పొద్దస్తమానం అడుగున ఇసకలో ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటూ ఉంటాయి. మేడ మీద అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ వదిలేసి వెళ్లారు. అప్పటికే వయసు మళ్లినవి. మొదట్లో ఎప్పుడైనా గుడ్లు పెట్టేవి, పెట్టినవి పెట్టినట్టు అవే తినేసేవి. తర్వాత అదీ మానేశాయి. ఆవిడకి మనుషులతో మాట రాదు గానీ ఆ చేపలతో మాత్రం ఎంతసేపైనా మాట్లాడుతుంది. వాటిలో ఒక ఆడది ఉంది, ఆవిడ దాన్ని ముసలమ్మా అంటుంది. అది ఎప్పుడూ గాలి గొట్టం వెనకే ముఖం దాచుకుని ఉంటుంది. ఆవిడకి దాని మీద ప్రాణం.

ఒకసారి ధైర్యం చేసి చేపలమ్మే అతన్ని అడిగింది, ఇవి మళ్లీ పిల్లల్ని పెడతాయా అని. అతను నవ్వి, "వయసైపోయిందమ్మా వాటికి. మంచి తిండి పెట్టు. ఒక రోజు కాస్త చల్లనీళ్లు పోసి చూడు, వాన పడిందనుకుని కదిలితే కదలొచ్చు" అన్నాడు. ఆ మాట వచ్చి అన్నకి చెప్పింది. అన్న వింటున్నట్టు కనబడలేదు. తర్వాత తెలిసింది, విన్నాడని.

ఆ రోజు కుర్చీలో బస్సు డ్రైవరున్నాడు. ముఖమంతా సబ్బు నురగ. బల్ల మీద బట్టతల పెద్దాయన పేపరు చదువుతున్నాడు. ఆయన తలమీద దిద్దడానికి ఏమీ లేదు, పేపరు కోసమే వస్తాడు. తాళాలాయన టీ గ్లాసు పట్టుకుని గుమ్మానికి ఆనుకున్నాడు. ఆవిడ వెనక తలుపు దగ్గర తువ్వాళ్లు మడతపెడుతోంది.

డ్రైవరు కళ్లు పక్కకి తిప్పి, "అన్నా, తొట్టి అద్దానికి ఏంటవి, బుడగల్లా అతుక్కున్నాయి?" అన్నాడు.

అన్న వంగి చూశాడు. అంతకుముందు చూడలేదని ఆవిడకి అర్థమైంది. చూసిన మరుక్షణం అతని ముఖంలో దీపం వెలిగిందని కూడా అర్థమైంది.

"అవా," అన్నాడు, కత్తి గాల్లోనే ఆపి. "చెప్పకూడదనుకున్నాను. చెప్తే గొప్పలంటారు."

"అంటాం," అన్నాడు తాళాలాయన.

"అందుకే చెప్పను."

డ్రైవరు చెంప మీద అన్న ఒక గీత గీశాడు. ఎవరైనా అడుగుతారేమోనని చూశాడు. ఎవరూ అడగలేదు. రెండో గీత సగంలో ఇంక ఆగలేకపోయాడు.

"గుడ్లు తమ్ముడూ అవి. మీసాల చేపల గుడ్లు."

పెద్దాయన పేపరు దించాడు. "ఆ ముసలివాటివా? నాతోపాటే రిటైరయ్యాయనుకున్నానే."

"రిటైరైనవాటిని మళ్లీ డ్యూటీ ఎక్కించాను పెద్దాయనా. పెద్దగా ఏం చెయ్యలేదు. ఇదిగో, తలమీద నీళ్లు కొట్టే ఈ సీసాలో చల్లనీళ్లు పోసి తొట్టి మీద అలా అలా కొట్టాను. చేప అడుగునుంటుంది కదా, పైన పడేది వానో సీసానో దానికేం తెలుస్తుంది? వానలొచ్చాయనుకుంటుంది. వానలొస్తే చేపకి తన వయసు గుర్తుండదు. అంతే. ఎవరైనా చెయ్యొచ్చు."

ఇంతవరకూ ఆవిడకీ బాగానే ఉంది. చేపలమ్మే అతని మాటని అన్న చక్కగా చెప్పాడనిపించింది. ఇక్కడితో ఆగుంటే నాకు ఇది రాసే పని ఉండేది కాదు.

"కానీ కదల్లేదు తమ్ముడూ. ఆ ముసలాయన, అదే ఆ మగ చేప, ఒక మీసం పైకెత్తి చూసి మళ్లీ పడుకున్నాడు. ఎందుకని? కూర్చుని ఆలోచించాను. ఉరుము లేదు. ఉరుము లేని వానని ఏ చేప నమ్ముతుంది? అప్పుడేం చేశానో తెలుసా, బయటికెళ్లి, షట్టరు కిందికి లాగి, ఒక్కసారి పైకి విసిరాను. అది ఉరుము కాదు, ఉరుముకి మేనమామ. ఎదురు మేడ మీదవాళ్లు పరుగున వచ్చి ఆరేసిన బట్టలు తీసుకుపోయారు. గొడుగులమ్మేవాడు ఎక్కడున్నాడో ఏమో, వచ్చి వాకిట్లో దుకాణం తెరిచాడు. రెండోసారి విసిరేసరికి నిజం మబ్బే ఒకటి వచ్చి మన షాపు మీద నిలబడి, ఎవరు పిలిచింది అన్నట్టు చూసింది."

"మబ్బు చూసిందా," అన్నాడు డ్రైవరు. నురగ వల్ల పెదాలు సగమే కదిలాయి.

"చూడదా మరి? రాంగ్ నంబరమ్మా, వెళ్లిరా అన్నాను. వెళ్లిపోయింది. పాపం మంచిది."

"అన్నా, నాకు బస్సు టైమవుతోంది. ఈ చెంప కూడా..."

"కదలకు, చేతిలో కత్తుంది. ఎక్కడున్నాం? ఆ, ఉరుము. వాన పడింది, ఉరిమింది, అయినా గుడ్లు లేవు. ఎందుకు లేవు? ఆ ముసలమ్మ, అదిగో గొట్టం వెనక, అది ముసలాయన వైపు కన్నెత్తి చూడదు. వాడి అవతారం అలా ఉంది మరి. ఒక మీసం కిందికి, ఒకటి పక్కకి, కొసలన్నీ తెల్లబడి. ఊరందరి మీసాలూ దిద్దేవాణ్ని నేను, నా షాపులో ఉండే మీసాలవాణ్ని అలా వదిలేస్తానా? రావయ్యా అన్నాను. వచ్చాడు. పైకొచ్చి, తొట్టి అంచు మీద గడ్డం ఆనించి, ఇదిగో ఇప్పుడు తమ్ముడు కూర్చున్నట్టే కూర్చున్నాడు. మెడకి తువ్వాలు చుట్టాను."

"చేపకి మెడెక్కడుందిరా?" అన్నాడు తాళాలాయన.

"తువ్వాలు చుట్టాక అదే మెడ. మధ్యలో మాట్లాడకు. చిన్న కత్తెర తీసి, ఒక్కో మీసం దువ్వి, కొసలు దిద్ది, నల్లరంగు వేశాను. వెనకనుంచి చేతి అద్దం పెట్టి చూపించాను. అటు తిరిగి చూసుకున్నాడు, ఇటు తిరిగి చూసుకున్నాడు, ఎడంపక్క కాస్త ఎక్కువుందన్నట్టు మూతి పెట్టాడు. చూద్దును కదా, నిజమే, వెంట్రుకవాసి ఎక్కువుంది. ఇన్నేళ్లుగా నా దగ్గరికొచ్చే మనుషుల్లో ఒక్కడికీ అంత కన్ను లేదు."

"నీళ్లలో రంగు పోలేదా? నాకేసింది రెండు స్నానాలకి పోయింది," అన్నాడు డ్రైవరు.

"నువ్వు సబ్బు రాస్తావు. వాడు రాయడు."

పెద్దాయన పేపరు మడిచి పక్కన పెట్టేశాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముసలమ్మ గొట్టం వెనకనుంచి తొంగిచూసింది. ఎవరో కొత్త కుర్రాడొచ్చాడనుకుంది. మా ఆయన ఎక్కడున్నాడా అని అటు చూసి, ఇటు చూసి, లేడని రూఢి చేసుకుని, నెమ్మదిగా బయటికొచ్చింది."

తలుపు దగ్గర ఆవిడ తువ్వాలు నోట్లో కుక్కుకుంది. నవ్వు వినబడితే ఎలా.

"ఇంక చూస్కో. మొదటి గుడ్డు అద్దానికి. ఆ తర్వాత లెక్క తెలియదు. తొట్టి నిండి నీళ్లు పొంగి, పౌడరు డబ్బాలో గుడ్లు, దువ్వెన సందుల్లో గుడ్లు. ఆ రోజు కటింగ్ చేయించుకున్న ఒకాయన ఇంటికెళ్లి తల కడుక్కుంటే బకెట్లో చేపపిల్లలు. తిట్టడానికొచ్చాడు. కుర్చీలో కూర్చుని అద్దంలో చూసుకుంటే, పిల్లలు చెవుల పక్క వెంట్రుకలన్నీ సమంగా కొరికి దిద్దేసి ఉన్నాయి. తిట్టకుండా వెళ్లాడు, పైగా మళ్లీ వాటితోనే చేయించుకుంటానన్నాడు."

"నీకంటే అవే నయమన్నమాట," అన్నాడు తాళాలాయన.

"నేర్పిందెవరు? సరే, ఆ పిల్లలు కాలువలో పడ్డాయి, కాలువ నదిలో పడింది, నదిలో ఉన్న ముసలి చేపలన్నిటికీ కబురందింది. మర్నాడు షట్టరు ఎత్తుదును కదా, వీధి పొడుగునా వరస. మీసాలు వేలాడేసుకుని, ఒకదాని వెనక ఒకటి, తోసుకోకుండా. మనుషులు నేర్చుకోవాలి. బస్సులాగిపోయాయి."

"నా బస్సెప్పుడూ ఆగలేదే."

"నీకు ఆ రోజు సెలవు. వరస చివర్న ఒకటొచ్చింది తమ్ముడూ, దాని తల ఇక్కడుంటే తోక మీ డిపో దగ్గరుంది. ఒక్కో మీసం కరెంటు తీగంత. కత్తెరకి లొంగలేదు. చెట్లు కొట్టే రంపం తెచ్చాను. ఒక కొస నేను పట్టుకున్నాను, రెండో కొస మా చెల్లి పట్టుకుంది. కావాలంటే అడగండి. చెల్లాయ్, పట్టుకున్నావా లేదా?"

అందరూ వెనక్కి తిరిగారు. ఆవిడ ముఖం కందిపోయింది. చేతిలో తువ్వాలు వైపు చూస్తూ తల దించుకుంది.

"చూశారా, తలూపింది," అన్నాడు అన్న.

తాళాలాయన టీ ఆఖరి గుక్క తాగాడు. "అంతా బానే ఉందిరా అబ్బాయ్. నదులు నిండాయి, బస్సులాగాయి. మరి తొట్టిలో ఒక్క పిల్ల కనబడదేం?"

"అవన్నీ మొదటి కాన్పు. నదికి పంపించేశాను. రెండో కాన్పు ఇదిగో," అని కత్తి పిడితో తొట్టి అద్దం మీద టకటక కొట్టాడు.

"ఇవి ఆ చేపలు పెట్టినవేనని ఏంటి నమ్మకం?"

"ఏంటి నమ్మకమా?" అన్న ఛాతీ ఉబ్బింది. "వీటిలోంచి మీసాల చేపపిల్లలు రాకపోతే ఈ తొట్టి, చేపలతో సహా, నీది."

తాళాలాయన గ్లాసు కింద పెట్టాడు. అంతవరకూ వాలిపోయి ఉన్న మనిషి నిటారుగా నిలబడ్డాడు.

"పందెమా?"

"పందెమే."

"తొట్టి నాకు పనికొస్తుంది. అద్దాల్లో తాళాలు పెట్టి చూపిస్తే బేరం బాగుంటుంది. చేపల్ని ఏం చేసుకుంటాను, కాలువలో వదిలేస్తాలే," అంటూ చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని చాపాడు.

ఆవిడ చేతిలో తువ్వాలు మడత సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆ గుడ్లు ఎవరివో ఆ గదిలో ఆవిడ ఒక్కదానికే తెలుసు. తొట్టిలోకని ఆవిడ ఈ మధ్య ఒక నీటిమొక్క కొంది. దాన్ని అంటిపెట్టుకుని ఒక నత్త వచ్చింది. ముందురోజు పొద్దున షాపు ఊడుస్తూ, ఆ నత్త అద్దానికి కరుచుకుని గుడ్లు పెట్టడం కళ్లారా చూసింది.

నోరు మూసుకుని ఊరుకుంటే రేపోమాపో అద్దం మీద నత్తపిల్లలు పాకుతాయి. కుర్చీ వెళ్లిన దారినే తొట్టీ వెళ్తుంది. ముసలమ్మకి ఆ కాలువలో ఒక పూట గడవదు. నోరు విప్పితేనో, నలుగురి ముందు అన్న పరువు పోతుంది. పైగా ఆ గదిలో మగవాళ్లుండగా ఆవిడ ఏనాడూ ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు.

"అన్నయ్యా," అంది. మాట పెదాలు దాటలేదు. అన్న కత్తిని ఎడంచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి చాపుతున్నాడు.

"అన్నయ్యా."

డ్రైవరు ముఖం అద్దం వైపుంది. ఆ అద్దంలో వెనక ఆవిడ పెదాలు కదలడం అతనికే కనబడింది. "ఆగండాగండి," అన్నాడు. "ఆవిడేదో అంటోంది."

రెండు చేతులూ గాల్లో ఆగాయి.

"అవి నత్తవి," అంది ఆవిడ.

"ఏంటి?"

"నత్త గుడ్లు. నిన్న పెడుతుంటే నేను చూశాను. ఆ నత్త నా మొక్కతో వచ్చింది." ఇన్నేళ్లకి తెరుచుకున్న నోరు, మూయడం ఎలాగో ఆవిడకి తెలియలేదు. "చేపలేం పెట్టలేదు. ముసలాయనకి రంగెవరూ వేయలేదు. ఆ రంపం కూడా నేను పట్టుకోలేదు."

అప్పుడే తొట్టిలో ఆ నత్త, తనని పిలిచారనుకుందో ఏమో, గుడ్ల పక్కకి నెమ్మదిగా జరుక్కుంటూ వచ్చి ఆగింది.

ముందు డ్రైవరు నవ్వాడు. ముఖం మీద మిగిలిన నురగంతా ఎగిరి అద్దం మీద పడింది. తాళాలాయన చాపిన చేత్తో పొట్ట పట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ, "నాయనా, ఆ ఉరుమేదో నా తలకి కూడా ఒకసారి వినిపించు, ఏమైనా మొలుస్తుందేమో," అన్నాడు.

అన్న ఎర్రబడ్డాడు, తెల్లబడ్డాడు. నత్త వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కత్తి పట్టుకున్నాడు.

"నత్తకి మీసాలే లేవు," అన్నాడు చివరికి, ఎవరితోనో అన్నట్టు. "నేను దాన్ని ముట్టుకోనుకూడా లేదు. ఆ ఉరుము దాని మీదే ఇంత పనిచేసిందంటే..."

"గడ్డం గియ్యన్నా," అన్నాడు డ్రైవరు. "ఒక చెంపతో బస్సు నడపలేను."

రెండో చెంప మాట్లాడకుండా గీశాడు. అతని చేతిలో అంత త్వరగా గడ్డం అయిపోవడం డ్రైవరు అదే మొదటిసారి చూశానన్నాడు.

సాయంత్రం అందరూ వెళ్లాక అన్న కుర్చీలో కూర్చుని తొట్టి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ కింద పడిన వెంట్రుకలు ఊడుస్తోంది.

"నత్తేనా?" అన్నాడు.

"నత్తే."

"కాస్త నెమ్మదిగా నా ఒక్కడి చెవిలో చెప్పకపోయావా? నలుగురి ముందు పరువు తీశావే."

"చెవిలో చెప్తే నువ్వు చెయ్యి ఆపవు," అంది. తర్వాత చీపురు ఆపి, "పరువుకేముందన్నయ్యా, నీకు రేపు మధ్యాహ్నానికల్లా మళ్లీ వస్తుంది. ముసలమ్మ పోతే రాదు," అంది.

అన్న ఆ గొట్టం వైపు చూశాడు. దాని వెనకనుంచి మీసం కొస ఒకటి కనబడుతోంది. "కాలువలో వేసేవాడు కదూ వాడు," అన్నాడు. ఆ రోజు షట్టరు తనే దించాడు, చప్పుడు కాకుండా.

మర్నాడు పొద్దున్నే ఆవిడ మామూలుగా వచ్చింది. మామూలుగానే బెత్తెడు బెత్తెడు షట్టరు ఎత్తింది. నేల ఊడ్చింది. నీళ్లు కొట్టే సీసా బాగా కడిగి, సబ్బు వాసన పోయిందో లేదో చూసి, కుండలో చల్లబడ్డ నీళ్లు నింపింది. తొట్టి మూత తీసి, పైన అలా అలా కొట్టింది. సన్నటి జల్లు. నీళ్ల మీద చుక్కలు లేచాయి. సీసా అయిపోతే మళ్లీ నింపింది. ముసలాయన ఒక మీసం పైకెత్తి చూశాడు. మళ్లీ పడుకున్నాడు. అచ్చం అన్న చెప్పినట్టే.

ఆవిడ సీసా కింద పెట్టింది. వీధిలోకి వచ్చి ఇటు చూసింది, అటు చూసింది. తాళాలాయన ఇంకా రాలేదు. కుర్చీ ఖాళీగా ఉంది.

షట్టరు కిందిదాకా లాగింది. రెండు చేతులూ కింద పెట్టి పట్టుకుని, కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా పెట్టి పైకి విసిరింది.

వీధంతా దద్దరిల్లింది. పావురాలు లేచాయి. ఎదురు మేడ మీద కిటికీ ఒకటి తెరుచుకుని, ఎవరిదో చెయ్యి బయటికొచ్చి, అరచెయ్యి పైకి తిప్పి, చినుకు పడుతుందేమోనని కాసేపు అలాగే ఆగింది.

ఆవిడ లోపలికి తొంగిచూసింది. ముసలమ్మ గొట్టం వెనకనుంచి సగం బయటికొచ్చి ఉంది.

షట్టరు మళ్లీ కిందికి లాగి, ఆవిడ ఇంకోసారి ఉరిమింది.